ఉరుములు లేని కథనం

"అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు," అంది టీచరు, పొయ్యి మీది గిన్నె మీంచి చూపు తిప్పకుండానే.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచు ఇంకా పళ్ళ క్లినిక్ కోటు విప్పలేదు. ఆమె చేతిలోది బడి వాళ్ళు మధ్యాహ్నం కూతురి సంచిలో పెట్టి పంపిన నకలు. అసలు ప్రతి అప్పటికే, బిడ్డ తల్లి దగ్గరుండాలా తండ్రి దగ్గరుండాలా అని తేల్చే కోర్టు కౌన్సిలరు బల్ల మీదికి చేరిపోయింది.

"అబద్ధముందని నేనన్నానా వదినా?"

"మరి కేకలెందుకు?"

"కేకలు కావు. అడుగుతున్నాను. నా కూతురు అమ్మబొమ్మని పెట్టెలో పెట్టి మూత మీద కూర్చుందని ఆవిడకి రాసి పంపాల్సినంత అవసరం ఏమొచ్చింది?"

"ఆవిడ అడిగింది, బడి పంపింది. ఆ గది టీచర్ని నేను. చూసింది రాశాను."

"ఏడాదంతా ఇంకేమీ చూడలేదా? అది బొమ్మలు గీయలేదా? మొక్కలకి నీళ్ళు పోయలేదా? పక్క పిల్ల ఏడిస్తే కళ్ళు తుడవలేదా?"

"అవీ రాశాను, ఇదివరకు. అవీ పంపారు."

"కానీ చివర్న ఇది పెట్టావు. చివర చదివిందే మనసులో ఉంటుందని నీకు తెలీదా?"

భోజనాల బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది. "పళ్ళు పీకడం వచ్చు గానీ కాగితంలో తప్పు పీకడం రావట్లేదు మా అమ్మాయికి," అంది, గాలి తేలిక చేద్దామని. ఎవరూ నవ్వలేదు. ఆమె మళ్ళీ బఠాణీల్లోకి తల దించుకుంది.

ఆడపడుచు కాగితాన్ని వెలుతురుకి తిప్పుకుని మరోసారి చదువుకుంది.

'ఈ ఉదయం నువ్వు బొమ్మరింటి మూలకి వెళ్ళావు. అమ్మబొమ్మను రెండు చేతులతో తీశావు. చెక్కపెట్టెలో పడుకోబెట్టి మూత వేశావు. మూత మీద కూర్చున్నావు. నీ స్నేహితురాలు మూత తీయబోతే ఆమె చెయ్యి పక్కకి తోసి, "తియ్యకు, అమ్మ బయటికి రాకూడదు," అన్నావు. పాల గ్లాసుల కోసం అందరూ వెళ్ళినా నువ్వు లేవలేదు. ఒక నిర్ణయం తీసుకుని దాని మీద నిలబడగలవని దీనివల్ల మాకు తెలిసింది. అమ్మబొమ్మతో నువ్వు ఆడే ఆటను ఇకముందు కూడా గమనిస్తాము.'

"ఇకముందు కూడా గమనిస్తాము," అంది ఆడపడుచు నెమ్మదిగా. "ఈ ఒక్క వాక్యం చాలదూ వదినా, పిల్లని వాళ్ళ నాన్నకి అప్పగించడానికి?"

టీచరు మంట తగ్గించింది.

ఆమె పనిచేసే బడిలో చిన్నపిల్లలకి మార్కులు లేవు, పరీక్షలూ లేవు. పిల్ల ఆడుకుంటూ ఉండగా టీచరు చూస్తుంది. చూసినదాన్ని ఆ పిల్లతోనే చెబుతున్నట్టు, 'నువ్వు' అంటూ, కథలాగా రాస్తుంది. దాన్ని వాళ్ళు కథనం అంటారు. ఏం చూశాం, దానివల్ల ఏం తెలిసింది, ఇక ఏం చేయాలి అన్నవి తప్ప అందులో మరో మాటకి చోటుండదు. అల్లరిది, మొండిది, బంగారుతల్లి వంటి మాటలు ఆ పేజీలో అడుగుపెట్టకూడదు. కొత్తగా చేరిన టీచర్లకి ఈ విద్య నేర్పేది ఈమే. 'పిల్లని మెచ్చుకోవాలనో తిట్టాలనో అనిపించిన క్షణంలో కలం కింద పెట్టండి,' అని చెబుతుంది. దానికంటే గట్టిగా చెప్పే మాట మరొకటుంది: 'పిల్ల చేసిన పనికి ముందు ఏం జరిగిందో రాయకపోతే, మీరు రాసింది కథనం కాదు, నేరపత్రం.'

ఈసారి ఆ మాటను ఆమే పక్కన పెట్టింది. అది మరుపు కాదు.

ఐదేళ్ళ కింద, ఇదే ఇంటికి దత్తత వ్యవహారాల ఆఫీసరు ఒకామె వచ్చింది. టీచరూ భర్తా శిశుభవనంలో అప్పటికే ఒక పసిబిడ్డని చూసి వచ్చారు. ఎత్తుకోగానే ఆ బిడ్డ టీచరు కళ్ళద్దాలు పట్టుకుని లాగింది. చెవికి తగిలించే కొమ్మ ఒకటి వంగింది. భర్తది కళ్ళద్దాల దుకాణమే అయినా, ఆ కొమ్మ సరిచేయించుకోవడానికి ఆమె ఈనాటివరకూ ఒప్పుకోలేదు. ఆఫీసరు ఇంట్లో అందరితోనూ విడివిడిగా మాట్లాడింది. పురిటికి పుట్టింటికొచ్చిన, ఆపైన మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళని ఆడపడుచుతోనూ మాట్లాడింది. తర్వాత వచ్చిన తిరస్కారపత్రంలో ఆడపడుచు మాటలు రెండు ఉన్నాయి. 'పక్కింటి పసివాణ్ణి గదిలో పెట్టి గడియ వేసింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా తీయలేదు.'

రెండూ నిజాలే. వంటింట్లో గాజు జాడీ పగిలి నేలంతా ముక్కలు పరుచుకున్నాయనీ, పాకే పిల్లవాడి చేతులూ మోకాళ్ళూ కోసుకుపోకుండా, అవి ఎత్తేదాకానే గడియ వేసిందనీ చెప్పే మూడో మాట మాత్రం లేదు. ఆ మూడో మాట లేకపోవడం వల్ల ఆ బిడ్డ మరెవరి ఇంటికో వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో తిరిగే చిన్న పాదాలు ఆడపడుచు కూతురివి మాత్రమే అయ్యాయి.

కనుక, ఇవాళ ఉదయం బొమ్మరింటి మూల దగ్గర కలం పట్టుకున్నప్పుడు, టీచరు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. నేర్చుకున్న విద్యనే అప్పజెప్పింది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా. బిడ్డ తండ్రికి వెళ్ళిపోతే తన కళ్ళ ముందునుంచి కూడా వెళ్ళిపోతుందని ఆమెకి తెలుసు. ఆ లెక్కా వేసుకుంది. తన ఒక కన్ను పోయినా సరే, ఎదుటి మనిషి రెండు కళ్ళూ పోవాలనుకునే స్థితికి మనిషి ఒక్కరోజులో రాదు, ఐదేళ్ళు పడుతుంది. రాసిన పేజీ మీద సంతకం చేస్తూ ఉంటే, ఎండిన నాలుక మీద చల్లని నీళ్ళు పడ్డట్టయింది.

"అత్తా, నా కథ వచ్చిందా?"

ఇంట్లో అందరూ బుడంకాయ అని పిలిచే ఆ పిల్ల వచ్చింది. ఒక జడ ఊడిపోయి, రెండో జడ అలాగే ఉంది. వాళ్ళమ్మ చేతిలో కాగితం చూడగానే దాని ముఖం వెలిగింది.

"వచ్చింది. నాకు చదవలేదు నువ్వు," అంది అత్తతో, నిష్ఠూరంగా. "అందరికీ చదువుతావు. నాది చదవలేదు."

అది నిజం. రాసిన కథనాన్ని ముందు ఆ పిల్లకే చదివి వినిపించాలి. పిల్ల 'ఇలా కాదు' అంటే ఆ మాటా కింద రాయాలి. బడిలో ఇది అందరూ పాటించే పద్ధతి. ఈ ఒక్క కథనాన్నే టీచరు చదవకుండా పంపింది. పెద్దవాళ్ళ కళ్ళు కప్పవచ్చు గానీ, కథ ఎవరిదో ఆ పిల్ల కళ్ళు కప్పలేమని ఆమెకి తెలుసు గనుక.

"ఇప్పుడు కాదే. స్నానం చేసి రా," అంది.

"నేను చదువుతాలే," అంది ఆడపడుచు. కుర్చీ లాక్కుని, కూతుర్ని ఒళ్ళోకి ఎక్కించుకుంది. గొంతు స్థిరంగానే ఉంది. "ఈ ఉదయం నువ్వు బొమ్మరింటి మూలకి వెళ్ళావు..."

"కాదమ్మా, ముందుది చదువు."

"ఇదేనమ్మా ముందు."

"కాదు. ఉరుములేవీ?"

పొయ్యి దగ్గర గరిటె ఆగింది.

"ఉరుములేమిటి?"

"డబ్బాలు. అందరూ ఖాళీ డబ్బాలు వాయించారుగా. పెద్ద వాన, పిడుగు పడుతోంది, ఇంట్లోకి పరిగెత్తండి అన్నారు. ఆయాదే పెద్ద ఉరుము." బుడంకాయ రెండు చేతులతో బల్లను దబదబా బాది చూపించింది, బఠాణీలు ఎగిరి నేల మీద పడ్డాయి. "మా అమ్మకి ఉరుములంటే భయం అని చెప్పాను. ఎవరూ వినలేదు. అందుకే పెట్టెలో పడుకోబెట్టాను. వాన తగ్గాక తీశాను. అత్త చూసిందిగా. చూశావుగా అత్తా?"

బుడంకాయ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది.

"రాయడం మర్చిపోయావా?" అంది, జాలిగా. "పర్లేదు. ఇప్పుడు రాయి."

రోగి నోట్లోంచి నెత్తురు ధారకట్టినా చెయ్యి వణకని ఆడపడుచు, ఆకాశం ఉరిమితే మాత్రం దుప్పటి ముసుగు పెట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ అదొక వేళాకోళం. ఆమె కూతురి తల మీద గడ్డం ఆనించింది.

"వెళ్ళి నీ దువ్వెన ఎక్కడుందో వెతుకు తల్లీ," అంది అత్తగారు. బుడంకాయ వెళ్ళింది.

"మేం పన్ను పీకేటప్పుడు కూడా మత్తిచ్చి పీకుతాం వదినా."

"నాకిచ్చావా?" అంది టీచరు. ఇప్పుడే మొదటిసారి ఇటు తిరిగింది. "ఐదేళ్ళ కింద నా ఒళ్ళోంచి బిడ్డని పీకినప్పుడు నాకు మత్తిచ్చావా? ఆ ఆఫీసరుకి గాజు ముక్కల సంగతి చెప్పావా?"

"లేదు."

"నువ్వు చూశావు. చీపురు అందించింది కూడా నువ్వే."

"అవును. చూశాను."

"నీ పిల్లకి ఈ ఇంట్లో పోటీ ఉండకూడదనుకున్నావు. ఆ మాట ఒక్కసారి నీ నోటితో విందామని ఐదేళ్ళుగా చూస్తున్నాను. పోనీ ఇవాళైనా అను."

ఆడపడుచు నోరు తెరిచింది. వాళ్ళమ్మ వైపు చూసింది. అత్తగారు కింద పడ్డ బఠాణీలు ఏరుకోవడానికి వంగింది. ఏరడం అయిపోయినా లేవలేదు.

"అననా అమ్మా?" అంది ఆడపడుచు.

"పాత పుళ్ళు ఇప్పుడెందుకే గోకడం?" అంది అత్తగారు, బల్ల కిందనుంచే.

అప్పుడే భర్త దుకాణం కట్టేసి ఇంటికొచ్చాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. కొనకుండా వెళ్ళిపోయే మనిషి కళ్ళద్దాలు కూడా తుడిచిచ్చి పంపే రకం. అతను గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉండగానే టీచరు ఫోను మోగింది. ప్రిన్సిపాలు. ఆవిడ గొంతు పెద్దది. ఫోను చెవి దగ్గరున్నా గదిలో అందరికీ వినిపిస్తుంది.

"కౌన్సిలరు గారు మీ కథనం చదివారమ్మా. రేపు బడి తెరవగానే వస్తారట. ఆ సమయంలో గదిలో ఇంకెవరున్నారని అడిగారు. ఆయా ఉందని చెప్పాను. ఆమెతో విడిగా మాట్లాడతారట. ఊరికే మీకు తెలియాలని."

"మంచిదండీ," అంది టీచరు.

ఆడపడుచు అన్నగారికి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అతను కాగితం చదివాడు, మడిచాడు, భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారి తప్పిన మనిషికి దారి చెప్పబోతున్నవాడి ఓర్పు ఉంది.

"ఇందులో కంగారు పడాల్సిందేముంది? ఆయా ఇల్లు మన దుకాణం వెనకేగా. పొద్దున్నే వెళ్ళి నేను మాట్లాడతాను."

"ఏమని?" అంది ఆడపడుచు.

"అబద్ధం చెప్పమని కాదులే. పెట్టె దగ్గర్నుంచి చూసింది చూసినట్టు చెప్పు, డబ్బాల సంగతి అడగరు గనుక ఎత్తకు, అంటాను. చెప్పకపోవడం అబద్ధం కాదుగా."

"నా బిడ్డ ఏమైపోతుంది అన్నయ్యా?"

"నీ సంగతి లాయరు చూసుకుంటాడు. రాసిందానికీ ఆయా చెప్పిందానికీ తేడా వస్తే ముందు మీ వదిన ఉద్యోగం పోతుంది. అందరి మంచికే చెబుతున్నాను."

ఆడపడుచు నవ్వింది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం నవ్వు వినపడటం అదే మొదలు. అది వినసొంపుగా లేదు.

"అక్షరం పొల్లు పోలేదు అన్నయ్యా."

"ఏది?"

"'చెప్పకపోవడం అబద్ధం కాదుగా.' మేడ మెట్ల మీద కూర్చోబెట్టి నాకూ ఇదే చెప్పావు. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. కాళ్ళ కింద దిండు కూడా పెట్టావు. గడియ సంగతి చెప్పు, గాజు సంగతి ఎత్తకు, అన్నావు. అందరి మంచికే, అన్నావు."

టీచరు చేయి చాచి పొయ్యి ఆర్పింది.

"నిజమేనా?" అని అడిగింది భర్తని.

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. ఒక అద్దం అయింది. రెండోది మొదలుపెట్టాడు.

"ఎవరి బిడ్డో. ఎలాంటి రక్తమో. నాకు భయం వేసింది," అన్నాడు చివరికి. "నువ్వేమో అప్పటికే ఊయల కొనేశావు. నీ ముఖం చూస్తూ వద్దనలేకపోయాను."

"వద్దనడానికి మీకు నోరు రాలేదు. అందుకని చెల్లెలి నోరు అరువు తెచ్చుకున్నారు."

"బాధపెట్టకూడదనే..."

"అత్తయ్యా," అంది టీచరు, అతని వైపు చూడకుండా. "మీకు తెలుసా?"

అత్తగారు బల్ల పట్టుకుని లేచింది. చేతిలోని బఠాణీలను ఒక్కొక్కటిగా గిన్నెలో వదిలింది. "కాపురం కూలిపోతుందని నేనే దీని చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వు ఎలాగూ దీన్ని తిట్టుకుంటున్నావు. ఆడపడుచుని తిట్టుకున్న కాపురాలు నిలుస్తాయి. మొగుణ్ణి తిట్టుకున్నవి నిలవవమ్మా."

ఆ మాటలో లోకజ్ఞానం ఉంది. టీచరు దాన్ని కాదనలేదు. కానీ ఆ జ్ఞానానికి మూల్యం ఎవరు చెల్లించారో ఆమెకి స్పష్టంగా కనబడింది. ఐదేళ్ళపాటు, రోజూ, ఆమె ఈ మనిషికి వేడిగా వడ్డించి, ఆ మనిషికి చల్లారింది వడ్డించింది. తల నొప్పిగా ఉందంటే ఈయన నుదురు నొక్కింది. ఈయన పక్కన పడుకుంటూనే ఆవిడ మీద పగ పెంచుకుంది. చాప కింద నీరులా పగ కూడా పల్లానికే పోతుంది. ఎత్తున కూర్చున్నవాడి కాలు తడవదు.

"నువ్వేం ముత్యానివి కావు," అంది ఆడపడుచుతో. "కత్తి ఆయనదైతే, దించిన చెయ్యి నీది."

"కాదనను."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే నువ్వు వెళ్ళిపోయేదానివి. అమ్మ అదే అంది. నాకూ పిరికితనం. ఉరుముకే భయపడేదాన్ని." ఆడపడుచు ముందుకొచ్చి, వదిన చేతిని పట్టుకోబోయి ఆగిపోయింది. "నన్ను ఏమైనా చెయ్యి వదినా. రేపు ఆయా చెప్పేలోపు నువ్వు చెప్పు. ఉరుముల సంగతి నువ్వు చెబితేనే ఆవిడ నమ్ముతుంది. ఆయా చెబితే, ఎవరో నేర్పి పంపారంటాడు అవతలి లాయరు."

టీచరు బల్ల మీది ఫోను తీసింది. ప్రిన్సిపాలు నంబరు నొక్కింది.

"ఏం చెబుతావు?" అన్నాడు భర్త. మొదటిసారి అతని గొంతు కాస్త పైకి లేచింది.

"జరిగింది. నేనేం వదిలేసి రాశానో. ఎందుకు వదిలేశానో. ఆ వదిలేయడం ఎవరి దగ్గర నేర్చుకున్నానో."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి."

"నలుగురిలో నా పరువు..."

"మీ చెల్లెలు రెండు వాక్యాలు చెప్పి ఊరుకుంది. నేను ఊరుకోను. మొదటినుంచీ చెబుతాను, ఒక్క ముక్క వదలకుండా. రేపు ఆ కౌన్సిలరు ముందు మీరు కూడా కూర్చుంటారు, నా పక్కనే. అడిగినదానికి మీ నోటితో మీరు జవాబు చెబుతారు."

ఆమె ఆ మాటలు గట్టిగా అనలేదు. పాఠం చెప్పే గొంతుతోనే అంది. అతను తుడిచిన కళ్ళద్దాలు పెట్టుకోవడం మరచిపోయి, ఏమీ కనపడని కళ్ళతో ఆమె వైపు చూశాడు. టీచరుకి ఆ చూపు బాగుంది. పొద్దున్న సంతకం పెట్టినప్పటికంటే బాగుంది.

అవతల ఫోను మోగుతూ ఉంది.

ఆడపడుచు ముఖంలో వచ్చిన ఊరట ఎక్కువసేపు నిలవలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఆమె కళ్ళు అన్నగారి మీంచి తల్లి మీదికి, తల్లి మీంచి వదిన మీదికి తిరిగాయి. పసిబిడ్డ విషయంలో ఆఫీసరుకి సగం చెప్పిన చెల్లెలు, చెప్పించిన అన్న, దాచమన్న తల్లి, పగబట్టి పిల్ల ఆటను కత్తిరించి రాసిన వదిన. ఇలాంటి ఇల్లని తేలాక, ఏ కౌన్సిలరైనా బిడ్డని ఈ ఇంట్లో ఉంచమని రాస్తుందా?

పక్క గదిలోంచి, దువ్వెన దొరికిందని బుడంకాయ కేక వేసింది.

ఆడపడుచు చటుక్కున వదిన మణికట్టు పట్టుకుంది.

"ఉరుముల వరకే చెప్పు వదినా," అంది, గొంతు బాగా తగ్గించి. "అంతకు ముందుది వద్దు."

టీచరు ఆ చేతి వైపు చూసింది. విడిపించుకోలేదు.

"చెప్పండమ్మా," అంది ఫోనులోంచి ప్రిన్సిపాలు, ఇల్లంతా వినపడేలా. "వింటున్నాను."